ఆట బల్ల దగ్గర మన మాటలు, కొత్తవారి చెవులు: ఆట నేర్పేవారికి కొన్ని సూచనలు

డొమినియన్ అనే కార్డుల ఆటలో ప్రతి ఒక్కరూ 7 కాపర్ కార్డులు, 3 ఎస్టేట్ కార్డులు కలిసిన చిన్న కట్టతో మొదలుపెడతారు. ఆట సాగేకొద్దీ కొత్త కార్డులు కొని ఆ కట్టను బలపరచుకోవడం, పనికిరానివాటిని వదిలించుకోవడం ఇందులోని అసలు నేర్పు. ఒకసారి ఒక పరిచయస్థుడికి ఈ ఆట నేర్పుతూ, చేతిలోని కార్డులను కట్టలోంచి శాశ్వతంగా తీసేయనిచ్చే ఛాపెల్ అనే కార్డును ఆయన ఆడిన వంతులో, "చేతిలో ఉన్న ఎస్టేట్లను పడేయండి" అన్నాను. ఆయన వాటిని బుద్ధిగా తన ముందున్న వాడేసిన కార్డుల దొంతరలో పెట్టారు. కట్ట అయిపోయి ఆ దొంతరను మళ్ళీ కలిపినప్పుడు, అవే ఎస్టేట్లు తిరిగి ఆయన చేతికి వచ్చాయి. "పడేయమన్నారు కదా, పడేశాను. మళ్ళీ వచ్చాయేమిటి?" అని అడిగారు. తప్పు ఆయనది కాదు. ఆ ఆటలో 'డిస్కార్డ్' అంటే కార్డును ప్రస్తుతానికి పక్కన పెట్టడం. 'ట్రాష్' అంటే దానిని మన కట్టలోంచి శాశ్వతంగా తొలగించి, బల్ల మధ్యన అందరికీ ఉమ్మడిగా ఉన్న వేరే దొంతరలో వేయడం. ఇంతటి తేడా ఉన్న రెండు పనులకు నేను 'పడేయడం' అనే ఒక్క మాటనే వాడాను. నాకు రెండూ వేరని తెలుసు కాబట్టి నా చెవికి ఆ మాట రెండు రకాలుగా వినిపించింది. ఆయనకు ఒకే రకంగా వినిపించింది.

ఆటలు ఆడేవారి పరిభాష కొత్తవారిని బయట నిలబెడుతుందని చాలామంది అంటారు. అందువల్ల దానిని వీలైనంత మానుకోవాలని సలహా ఇస్తారు. ఆ సలహాతో నేను సగమే ఏకీభవిస్తాను. ఆట మాటలన్నీ మడతపెట్టిన మాటలే, కానీ అన్నింటిలోనూ మడతపడి ఉన్నది ఒకటే కాదు. కొన్నింటిలో ఒక నియమం ఉంటుంది, కొన్నింటిలో పాత ఆటగాళ్ల జ్ఞాపకం ఉంటుంది, మరికొన్నింటిలో మనుషుల మీద, ఆటల మీద ఇచ్చేసిన తీర్పు ఉంటుంది. మొదటిదాన్ని నేర్పాలి, రెండోదాన్ని విప్పి చూపించాలి, మూడోదాన్ని లోపల పెట్టుకోవాలి. ఏ మాట ఏ కోవకు చెందుతుందో ముందే తేల్చుకుంటే మిగిలిన పని సులువవుతుంది.

ముందురోజు చేయవలసిన పని

ఆట నేర్పడానికి కూర్చునే ముందురోజు, ఎదురుగా ఎవరూ లేకుండానే ఆ ఆటను ఒకసారి పైకి వివరించి, మీ గొంతును ఫోనులో రికార్డు చేసుకోండి. తర్వాత వింటూ, ఆ ఆట తెలియనివారికి అర్థం కాని మాట వచ్చిన ప్రతిచోటా కాగితం మీద గీత పెట్టండి. మొదటిసారి ఈ పని చేసినప్పుడు గీతల సంఖ్య చూసి నాకు సిగ్గేసింది. ముఖ్యంగా పొడి అక్షరాలు మనకు తెలియకుండానే దొర్లుతాయి. పాత్రధారణ ఆటలు, అంటే ఒక్కొక్కరూ ఒక పాత్రగా మారి కథలా సాగించే ఆటలు, ఆడేవారికి 'డీఎం' అంటే ఆటను నడిపే డన్జన్ మాస్టర్, 'పీసీ' అంటే ఆటగాడు ధరించిన పాత్ర. ఆ బల్ల దగ్గర కొత్తగా కూర్చున్నవారికి మాత్రం మొదటిది ఫోనులో వచ్చే సందేశం, రెండోది కంప్యూటరు.

ఆ గీతల్లోంచి మొదటి గంటలో తప్పనిసరిగా అవసరమయ్యే ఐదారు మాటలను మాత్రమే ఎంచుకోండి. మిగిలినవి అవసరం వచ్చినప్పుడు వస్తాయి. ఎంచుకోవడానికి కొలమానం ఒక్కటే: ఆ మాట కార్డు మీదో, పలక మీదో, పాత్ర వివరాల కాగితం మీదో అచ్చయి ఉందా? అచ్చయి ఉంటే నేర్పక తప్పదు, ఎందుకంటే మీరు పక్కన లేనప్పుడు కూడా ఆ మనిషి దాన్ని చదువుకోవాలి. మరీ మంచితనానికి పోయి పరిభాష అంతటినీ తుడిచేసి 'ఇది ఇక్కడ పెట్టండి, అది అక్కడ పెట్టండి' అంటూ ఆడించేవారు ఈ విషయం మరిచిపోతారు. అలా ఆడినవారికి ఆ సాయంత్రం హాయిగానే గడుస్తుంది, కానీ తర్వాతి వారం వాళ్లు మళ్ళీ అతిథులుగానే వస్తారు.

నియమాన్ని మోసే మాటలు

ఈ రకం మాటలను నిర్వచించి వదిలేయకండి, చేతికివ్వండి. '2డీ6+3' అని రాసి ఉంటే, దాని అర్థం చెప్పేలోపు రెండు ఆరు ముఖాల పాచికలను ఎదుటివారి అరచేతిలో పెట్టి, వేయమనండి. వచ్చిన రెండు అంకెలను కూడి, దానికి 3 కలపమనండి. ఫలితం 5కు తగ్గదని, 15కు మించదని వాళ్లే కనిపెడతారు. ఆ తర్వాత 'డీ20' అంటే ఏమిటో మీరు చెప్పనక్కర్లేదు. ఇరవై ముఖాల పాచికను వాళ్లే వెతికి తీస్తారు. గుర్తును నోటితో వివరించడానికి రెండు నిమిషాలు పడితే, చేతితో నేర్చుకోవడానికి అరనిమిషం చాలు.

అసలు చిక్కు తెలియని మాటతో కాదు, తెలిసినట్టే అనిపించే మాటతో వస్తుంది. 1974లో వెలువడిన డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆటలో 'లెవెల్' అనే మాట ఇందుకు గొప్ప ఉదాహరణ. పాత్రకు లెవెల్ ఉంటుంది, మంత్రానికి లెవెల్ ఉంటుంది, నేలమాళిగలోని అంతస్తుకూ, ఎదురయ్యే రాక్షసికీ లెవెల్ ఉండేది. ఈ అయోమయాన్ని ఆట రూపకర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్ స్వయంగా గుర్తించి, వీటిలో కొన్నింటికి వేరువేరు పేర్లు పెట్టాలన్న ఆలోచన వచ్చిందని 1978 నాటి ఆటగాళ్ల పుస్తకంలోనే రాశారు. కానీ అప్పటికే ఆ మాట ఆడేవారి నోళ్లలో స్థిరపడిపోయింది, అలాగే ఉండిపోయింది. ఫలితం ఈనాటికీ చూడవచ్చు. "నా మాంత్రికుడు మూడో లెవెల్‌కు చేరాడు కాబట్టి మూడో లెవెల్ మంత్రం వేస్తాను" అని కొత్తవారు ఉత్సాహంగా అంటారు. 2014 నాటి నియమాల ప్రకారం మూడో లెవెల్‌లో వాళ్లకు అందేది రెండో లెవెల్ మంత్రాలే, మూడో లెవెల్ మంత్రం కావాలంటే పాత్ర ఐదో లెవెల్‌కు చేరాలి. ఇలాంటి చోట ఆటలోని పేరును మార్చే అధికారం మనకు లేదు, కానీ దానికి ముందు మరో మాట చేర్చి 'పాత్ర లెవెల్', 'మంత్రం లెవెల్' అని ప్రతిసారీ పూర్తిగా పలికే ఓపిక మాత్రం మన చేతిలోనే ఉంది. మొదటి రెండు మూడు సాయంత్రాలు ఆ ఓపిక చూపించండి.

మాట ఎంత చెప్పినా ఎక్కడం లేదంటే, లోపం మాటలో కాక దాని కింద ఉన్న నియమంలోనే ఉండవచ్చు. ఇదే ఆటకు 1989లో వచ్చిన రెండో కూర్పులో 'థాకో' అనే అంకె ఉండేది. ఎదుటివారి రక్షణ అంకె సున్నా అయితే, వాళ్లకు దెబ్బ తగలడానికి మన పాచికపై ఎంత పడాలో అది చెప్పేది. రక్షణ అంకె తగ్గేకొద్దీ కవచం గట్టిదవుతుంది. మీ థాకో 18, ఎదుటివారి రక్షణ 4 అయితే తీసివేసి 14 తెచ్చుకోవాలి. రక్షణ మైనస్ 2 అయితే 18లోంచి మైనస్ 2 తీసివేయాలి, అంటే 20 కావాలి. దీన్ని నాలుగుసార్లు చెప్పినా ఐదోసారి కొత్తవారి ముఖంలో అదే ప్రశ్న కనిపించేది. 2000లో వచ్చిన మూడో కూర్పు రక్షణ అంకెను తిరగేసి, ఎక్కువ ఉంటే మంచిదిగా మార్చింది. పాచికపై పడినదానికి కలపవలసినవి కలిపి ఆ అంకెను అందుకుంటే చాలు. దాంతో థాకో అనే మాటకు పనే లేకుండా పోయింది. పాతవారిలో కొందరు ఇప్పటికీ ఆ మాటను బిరుదులా చెప్పుకుంటారు, చెప్పుకోనివ్వండి. మన ఇంటి ఆటలకు మనమే చేర్చుకున్న నియమాలు ఉంటాయి కదా. వాటిలో ఏదైనా ప్రతి కొత్తవారినీ తికమకపెడుతుంటే, దానికి ఇంకా మంచి వివరణ వెతకడం మాని, నియమాన్నే సరిచేసుకోవచ్చు.

మరొక జాగ్రత్త క్రమానికి సంబంధించినది. కొత్తవారిని దెబ్బతీయబోయే నియమాన్ని, ఆ దెబ్బ పడకముందే పేరుతో సహా చెప్పాలి. చదరంగంలో బంటు తన మొదటి ఎత్తులో రెండు గళ్లు దూకి ప్రత్యర్థి బంటు పక్కన ఆగితే, అది ఒక్క గడే జరిగినట్టు భావించి ప్రత్యర్థి వెంటనే, ఆ తర్వాతి ఎత్తులోనే, దానిని ఆ బంటుతో చంపవచ్చు. దీనిని 'ఎన్ పాసాంట్' అంటారు. ఈ మాటను మొదటిసారి తన బంటు పోయిన క్షణంలో విన్న మనిషికి అది నియమంలా వినిపించదు, మోసంలా వినిపిస్తుంది. అదే ఆటలో, గడిలో వంకరగా ఉన్న పావును సర్దే ముందు 'జాదూబ్' అనే ఫ్రెంచి మాట పలికే అలవాటు ఉంది. ముట్టుకున్న పావునే కదపాలన్న నియమం నుంచి అది మనల్ని కాపాడుతుంది. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య అయిన ఫిడే నియమావళి ఆ మాటను ఉదాహరణగా చూపుతూనే, 'సరిచేస్తున్నాను' అన్న అర్థం వచ్చే మామూలు మాట చెప్పినా చాలంటుంది. కాబట్టి ఫ్రెంచి రాదని ఎవరినీ నవ్వులపాలు చేయవలసిన పని లేదు.

తెలుగులో చెప్పాలా, ఇంగ్లీషు మాటే ఉంచాలా

నా పద్ధతి ఇది. అచ్చులో ఉన్న మాటను అలాగే ఉంచుతాను, దాని పనిని తెలుగులో చెబుతాను. 'ట్రాష్' ట్రాష్‌గానే ఉంటుంది, దాని వివరణ 'ఇక మీ కట్టలోకి తిరిగి రాదు' అని తెలుగులో ఉంటుంది. అచ్చులో లేని మాటలకు, అంటే కలపడం, పంచడం, ఎత్తడం, వంతు వదులుకోవడం వంటివాటికి, తెలుగే వాడుతాను. ఏదైనా ఒకసారి నిర్ణయించుకున్నాక మార్చకూడదు. ఒకే దొంతరను మొదట 'డెక్' అని, తర్వాత 'కట్ట' అని, ఇంకాసేపటికి 'పైల్' అని పిలిస్తే, తెలిసినవారికి అది మాటల వైవిధ్యం. తెలియనివారు మాత్రం బల్ల మీద మూడు వేరువేరు దొంతరల కోసం వెతుకుతారు. వ్యాసం రాసేటప్పుడు ఒకే మాటను పదేపదే వాడవద్దని చిన్నప్పుడు నేర్చుకున్నాం. ఆట నేర్పేటప్పుడు దాన్ని మరిచిపోవాలి.

జ్ఞాపకాన్ని మోసే మాటలు

1993లో వచ్చిన మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడేవారి పక్కన కాసేపు కూర్చుంటే 'దీన్ని బోల్ట్ చేస్తే పోతుంది', 'నా దగ్గర ట్యూటర్ ఉంది' వంటి మాటలు వినిపిస్తాయి. ఎదురుగా ఉన్న ఏ కార్డు మీదా ఆ మాటలు రాసి ఉండకపోవచ్చు. మొట్టమొదటి కార్డుల్లో లైట్నింగ్ బోల్ట్ అనే ఒక కార్డు ఉంది, అది ఒక్క ఎర్ర మానా (కార్డు ఆడటానికి చెల్లించే శక్తి) ఖర్చుతో 3 పాయింట్ల దెబ్బ కొడుతుంది. దాన్ని బట్టి ఆ మాత్రం దెబ్బ కొట్టే పని ఏదైనా ఆడేవారి భాషలో 'బోల్ట్' అయింది. అప్పటిదే అయిన డెమోనిక్ ట్యూటర్ అనే కార్డు మన కట్టంతా వెతికి కావలసిన కార్డు తీసుకోనిస్తుంది. అలా వెతికి తెచ్చే కార్డులన్నీ 'ట్యూటర్లు' అయ్యాయి. ఈ మాటలను ఎంత తెలివైనవారైనా ఊహించి తెలుసుకోలేరు. నియమాల పుస్తకం మొత్తం చదివినా దొరకవు. అవి ఆ కార్డులను చూసినవారి జ్ఞాపకంలో మాత్రమే ఉన్నాయి.

అలాగని వీటిని నిషేధించనక్కర్లేదు. వాటి పుట్టుక కథను రెండు వాక్యాల్లో చెప్పండి, అది కొత్తవారికి ఇచ్చే కానుకలాంటిది. 1994లో వచ్చిన మిల్‌స్టోన్ అనే కార్డు ఎవరో ఒకరి కట్ట పైనుంచి రెండు కార్డులను నేరుగా శ్మశానంలోకి, అంటే వాడేసిన కార్డుల చోటికి, పంపేది. ఆ కార్డు పేరులోంచి ఆటగాళ్లు 'మిల్' అనే క్రియను పుట్టించుకుని ఏళ్ల తరబడి వాడారు. చివరికి 2020లో ఆట ప్రచురణకర్తలే దానిని అధికారిక పదంగా కార్డులపై అచ్చువేశారు. అంతకుముందు 2011లో కూడా ఇలాగే, ఒక ప్రాణి కార్డు రణరంగం నుంచి శ్మశానంలోకి వెళ్లిందని చెప్పే పొడవాటి వాక్యాన్ని తీసేసి, ఆడేవారు మామూలుగా అనే 'చనిపోతుంది' అన్న మాటనే కార్డులపైకి తెచ్చారు. ఆడేవారి వాడుక మాటకు నియమాల పుస్తకం తలవంచిందన్న ఈ సంగతి విన్నాక, కొత్తవారు ఆ పదాన్ని మరిచిపోవడం నేను చూడలేదు.

'మీపుల్' సంగతి ఇంకా తేలిక. 2000లో వచ్చిన కార్కాసోన్ ఆటలోని మనిషి ఆకారపు చెక్క బొమ్మలను, ఆ ఏడాదే ఒక ఆటగత్తె 'మై', 'పీపుల్' అనే రెండు ఇంగ్లీషు మాటలను సరదాగా కలిపి అలా పిలిచింది. వేలితో చూపిస్తే అర్థమయ్యే మాట ఇది, పలకడానికే ముచ్చటగా ఉంటుంది. పొరపాటు పడినా నష్టం లేదు. కొత్తవారు 'బొమ్మ' అంటే సరిదిద్దకండి. మీ తర్వాతి వాక్యంలో మీరు మీపుల్ అనండి, వాళ్లే అందుకుంటారు.

ప్రతి బృందానికీ ఎవరికీ తెలియని సొంత జ్ఞాపకాలు కూడా ఉంటాయి. మా బల్ల దగ్గర 'వంతెన' అంటే అనవసరమైన పథకం. ఒక సాయంత్రం మా పాత్రలు నది దాటడానికి వంతెన ఎలా కట్టాలా అని గంటన్నర చర్చించాక, ఆట నడిపేవారు నది లోతు మోకాటి దాకానే అని తెలియజేశారు. అప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఒక కొత్త అమ్మాయి వచ్చిన రోజు ఎవరో "ఇది మరో వంతెన" అన్నారు, అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు అర్థమై వచ్చింది కాదని తెలుస్తూనే ఉంది. ఇలాంటి నవ్వు కనిపించిన వెంటనే ఆటను ఆపి కథ చెప్పండి, తర్వాత చెబుదామని వాయిదా వేయకండి.

తీర్పు మాటలు

'ఫిల్లర్' (మధ్యలో కాలక్షేపానికి ఆడే చిన్న ఆట), 'గేట్‌వే గేమ్' (కొత్తవారిని ఆటల్లోకి తెచ్చే తేలిక ఆట), 'క్యాజువల్' (సరదాకి మాత్రమే ఆడేవారు), 'న్యూబ్' (ఏమీ తెలియని కొత్తవారు) వంటి మాటలు నియమాన్నీ చెప్పవు, కథనూ చెప్పవు. ఎవరు ఎక్కడ నిలబడి ఉన్నారో చెబుతాయి. 1995 నాటి కటాన్‌నో, 2004 నాటి టికెట్ టు రైడ్‌నో ఇష్టంగా ఆడి వచ్చిన మనిషితో, మెచ్చుకోలుగానే అయినా, 'మంచి గేట్‌వే గేమ్' అన్నారనుకోండి. అసలు ఇల్లు లోపల ఉంది, మీరింకా గుమ్మంలోనే ఉన్నారని అన్నట్టే. ఆలోచించడానికి ఎక్కువ సమయం తీసుకునేవారిని చూసి 'అనాలిసిస్ పెరాలిసిస్' అనడం కూడా ఇంతే. ఆట గురించిన విశ్లేషణలో అది పనికొచ్చే పదం, ఆలోచిస్తున్న మనిషి ముఖం మీద మాత్రం అది ఫిర్యాదు. ఈ మాటలను కొత్తవారి ముందు వివరించి వాడటం కంటే అసలు వాడకపోవడమే మేలు. ఆట బరువు చెప్పాలంటే 'నియమాలు పావుగంటలో అర్థమవుతాయి, ఆట గంటన్నర సాగుతుంది' అనవచ్చు. అది తీర్పు కాదు, సమాచారం.

ఆట సాగుతున్నప్పుడు

'అర్థమైందా?' అని అడగకండి. ఆ ప్రశ్నకు అందరూ తల ఊపుతారు, ఊపడమే మర్యాద కాబట్టి. దాని బదులు 'ఇప్పుడు వంతు మీదైతే ఏం చేస్తారు?' అని అడగండి. జవాబులో ఏ మాట దగ్గర తడబడ్డారో మీకే వినిపిస్తుంది. బల్ల దగ్గర ఉన్న పాతవారిలో ఒకరితో ముందే మాట్లాడుకుని, తెలిసిన మాటనే మధ్యమధ్య 'అదేమిటో ఇంకోసారి చెప్పండి' అని అడగమనడం నాకు తెలిసినవాటిలో అన్నింటికంటే మంచి ఉపాయం. పాతవారే అడుగుతున్నప్పుడు అడగడంలో చిన్నతనం ఉండదు.

మాటల కాగితం ఇవ్వదలుచుకుంటే అకారాది క్రమంలో రాయకండి. అర్థం తెలియని మాటను ఏ అక్షరం కింద వెతకాలో తెలిసినవారు నిఘంటువు కొనుక్కుంటారు. ఒక వంతులో ఏ పని తర్వాత ఏ పని వస్తుందో ఆ వరుసలో, అర పేజీ మించకుండా రాయండి. కొన్ని కార్డుల మీద ప్రత్యేక పదం పక్కనే కుండలీకరణాల్లో వాలు అక్షరాలతో దాని అర్థం అచ్చువేసి ఉంటుంది. మీ కాగితం కూడా అలాగే, కన్ను పక్కకు తిప్పనవసరం లేనంత దగ్గరగా ఉండాలి.

మీరే కొత్తవారైతే, నిర్వచనం అడగడం కంటే 'దానితో ఏం చేయాలో ఒకసారి చేసి చూపించండి' అని అడగండి. పాతవారు నిర్వచనం చెప్పబోయి మరో మూడు కొత్త మాటలు దొర్లిస్తారు; చేసి చూపించేటప్పుడు అది సాధ్యం కాదు.

ఆట ముగిసి పెట్టె సర్దుతున్నప్పుడు, ఏ మాట దగ్గర ఎక్కువసేపు ఆగిపోయారని అడగండి. డొమినియన్ ఆడిన ఆ రోజు నేను అదే అడిగాను, 'ట్రాష్' అంటారని ఎదురుచూశాను. ఆయన 'యాక్షన్' అన్నారు. యాక్షన్ అనేది ఒక రకం కార్డు పేరు, వంతులోని ఒక దశ పేరు, ఆ దశలో ఎన్ని కార్డులు ఆడవచ్చో చెప్పే లెక్క పేరు కూడా. 'ప్లస్ 1 యాక్షన్' అని రాసి ఉంటే కార్డు ఇంకొకటి తీసుకోవాలా, ఆడాలా అని ఆయన సాయంత్రమంతా సతమతమయ్యారట. నేను ఎన్నో ఏళ్లుగా ఆడుతున్నా, నా గీతల కాగితంలో ఆ మాట కింద గీత లేదు. ఇంటికి వచ్చాక అర పేజీ కాగితంలో రెండో వరుసగా దాన్ని చేర్చాను: ప్లస్ 1 యాక్షన్ అంటే చేతిలో ఉన్నవాటిలోంచి మరో యాక్షన్ కార్డు ఆడవచ్చు, కొత్తగా ఏమీ రాదు.